సరిహద్దు దాటిన గోరువంక

1965వ సంవత్సరమున ఉత్తర కొరియా రాజధానియగు ప్యోంగ్యాంగ్ నగరములో ఒక చిన్న పక్షి ఒక వృద్ధ శాస్త్రజ్ఞుని దృష్టికి వచ్చెను. అది గోరువంకల కుటుంబములోనిది. మన పెరళ్లలో తిరుగు గోరువంకకంటె చిన్నది. తలయు రొమ్మును బూడిదవన్నె. వీపు నిగనిగలాడు ఊదావన్నె. వేసవిలో ఈశాన్య చైనా, ఉత్తర కొరియా, తూర్పు సైబీరియా ప్రాంతములలో గూడు కట్టి పిల్లలను పెంచును. చలికాలమునకు ఆగ్నేయాసియా దేశములకు పోవును. ఇంతవరకు వింత యేమియు లేదు. వింత దాని కాలియందున్నది. సన్నని అల్యూమినియము కడియమొకటి ఆ కాలికి తొడిగియుండెను. దానిమీద జపాను వ్యవసాయ మంత్రిశాఖ పేరును, సి 7655 అను సంఖ్యయు కనబడెను.

ఆ శాస్త్రజ్ఞుని పేరు వన్ హాంగ్ గు. అప్పటికి ఆయన వయస్సు 77 సంవత్సరములు. కొరియా పక్షులను గురించి ఆయనకు తెలిసినంత ఆ దేశమున మరియొకరికి తెలియదని చెప్పిన అతిశయోక్తి కాదు. కడియమును చూచి ఆయన ఆశ్చర్యపడుటకు కారణము కలదు. ఈ జాతి గోరువంక జపానులో సాధారణముగా కనబడదు. అట్టి పక్షికి జపాను కడియమెట్లు వచ్చెను? శాస్త్రజ్ఞుడు చేయవలసిన పనినే ఆయన చేసెను. సంఖ్యను వ్రాసికొని, ఈ పక్షికి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కడియము తొడిగిరో తెలుపుడని టోకియోకు ఉత్తరము వ్రాసెను.

బదులు వచ్చెను. కడియము జపానులో తయారైనదే కాని, తొడిగినది జపానులో కాదు. దక్షిణ కొరియా రాజధానియగు సియోల్ నగరములో, 1963వ సంవత్సరమున తొడిగినారు. తొడిగినవాని పేరు వన్ ప్యోంగ్ ఓ.

వన్ ప్యోంగ్ ఓ ఆ వృద్ధుని కడగొట్టు కుమారుడు. పదునైదేండ్లుగా తండ్రికి కుమారుని సమాచారము లేదు.

ఈ సంగతిని కాకతాళీయమనవచ్చును. కాని అది జరుగుటకు వెనుక రెండు చరిత్రలు పనిచేసినవి. ఒకటి ఒక దేశమును రెండుగా చీల్చిన చరిత్ర. రెండవది పక్షి కాలికి కడియము తొడుగు విద్య యొక్క చరిత్ర.

కొరియా 1910లో జపాను సామ్రాజ్యమున కలుపబడెను. 1945 ఆగస్టులో జపాను లొంగిపోవు సమయమున, ఆ ద్వీపకల్పములోని జపాను సేనలను ఉత్తరమున సోవియట్లు, దక్షిణమున అమెరికనులు లొంగదీసికొనుటకు ఒక గీత కావలసివచ్చెను. ఇద్దరు అమెరికను సైన్యాధికారులు ఒక రాత్రి పటము ముందు పెట్టుకొని 38వ అక్షాంశరేఖను సూచించిరి. నదులు, కొండలు, పొలములు, రైలుమార్గములు ఏమియు ఆ గీతకు అడ్డుకాలేదు; పటములో గీత గీయుట సులభము. తాత్కాలికమనుకొన్న ఆ గీత 1948 నాటికి రెండు రాజ్యములకు హద్దయ్యెను. 1950 జూన్ 25న యుద్ధము ఆరంభమయ్యెను. సైన్యములు ద్వీపకల్పమున ఒక కొననుండి మరియొక కొనవరకు ముందుకును వెనుకకును నడచినవి. వాటి ముందును వెనుకను లక్షలకొలది ప్రజలు మూటలు నెత్తిన పెట్టుకొని నడచిరి. కొన్ని దినములలో తిరిగివత్తుమని చెప్పి బయలుదేరినవారు పెక్కుమంది. 1953 జులై 27న యుద్ధవిరమణ ఒడంబడిక జరిగెను. శాంతిసంధి నేటికిని జరుగలేదు.

ఆ ఒడంబడిక ప్రకారము సైన్యములు నిలిచిన చోట ఒక విభజనరేఖ ఏర్పడెను. దానికి ఇరువైపుల రెండేసి కిలోమీటర్లు విడిచి, మొత్తము నాలుగు కిలోమీటర్ల వెడల్పున, సుమారు 250 కిలోమీటర్ల పొడవున, సముద్రమునుండి సముద్రమువరకు సాగు పట్టెకు సైనికరహిత మండలమని పేరు పెట్టిరి. ప్రపంచమున ఇంత సైన్యము కాపలాగాయు స్థలములు అరుదు; పేరు మాత్రము సైనికరహితము.

ఈ మండలముతో మన దేశమునకును కొంత సంబంధము కలదు. యుద్ధములో పట్టువడిన సైనికులలో 22 వేలకు పైగా స్వదేశమునకు పోనొల్లమనిరి. వారిని బలవంతముగా పంపవలెనా, వలదా అను తగవుననే యుద్ధవిరమణ ఆలస్యమైనది. చివరకు తటస్థరాజ్యముల సంఘమొకటి ఏర్పడి, దానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యెను. 1953 సెప్టెంబరునుండి కొన్ని మాసములపాటు భారత సైనికులు ఆ మండలములోనే గుడారములు వేసికొని ఖైదీలకు కావలియుండిరి. ఉత్తరమునకును పోము, దక్షిణమునకును పోము అనిన 88 మంది 1954లో మన సైన్యముతోపాటు ఓడలో భారతదేశమునకు వచ్చిరి. మనుష్యులకు ఆ గీత ఎట్టిదో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును.

వన్ కుటుంబము కథయు ఇట్టిదే. వన్ హాంగ్ గు 1888లో జన్మించెను. జపానులోని కగోషిమాలో వ్యవసాయశాస్త్రము చదివెను. స్వదేశమునకు వచ్చి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అప్పటి కొరియాలో పక్షిశాస్త్రము జపాను పండితుల చేతిలో ఉండెను. వస్తుసంగ్రహాలయములు వారివి, పత్రికలు వారివి. ఒక కొరియా దేశీయుడు, అందులో బడిపంతులు, బడి విడిచినపిమ్మట కొండలవెంట తిరిగి పక్షులను సేకరించి, చర్మములను భద్రపరచి, వాటి వివరములను ప్రకటించుట సామాన్యమైన పని కాదు. ఆయన ఆ పనిని పెక్కుసంవత్సరములు చేసెను. 1929లో పుట్టిన కడగొట్టు కుమారుడు తండ్రివెంట తిరుగుచు పక్షి కూతను విని పేరు చెప్పుట నేర్చెను. యుద్ధకాలమున కుమారుడు దక్షిణమునకు పోయెను. తలిదండ్రులు ఉత్తరమున నిలిచిపోయిరి. గీత మూతపడెను.

తండ్రి కిమ్ ఇల్ సుంగ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. కుమారుడు దక్షిణమున సైన్యములో పనిచేసి, పిమ్మట పక్షిశాస్త్రమునే పట్టి, జపానులోని హొక్కైడో విశ్వవిద్యాలయమునుండి 1961లో డాక్టరు పట్టము పొంది, సియోల్‌లోని క్యూంగ్ హీ విశ్వవిద్యాలయమున చేరెను. ఒకే విద్యను ఒకే దేశమున ఇద్దరు సాగించుచుండిరి. దూరము రెండువందల కిలోమీటర్లకు లోపు. విజయవాడనుండి హైదరాబాదుకంటె తక్కువ. మధ్య తపాలా లేదు, టెలిఫోను లేదు.

ఇక కడియము సంగతి. వలసపక్షులు ఎక్కడికి పోవునన్న ప్రశ్న పురాతనమైనది. చలికాలమున కొన్ని పక్షులు కనబడకపోవుట చూచి, అవి బురదలో దాగి నిద్రించునని ఐరోపాలో శతాబ్దులపాటు నమ్మిరి. ఒక పక్షిని తక్కిన పక్షులనుండి వేరుగా గుర్తించు ఉపాయము లేనంతకాలము ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ ఉపాయమును శాస్త్రీయముగా మొదట అమలుపరచినది డెన్మార్కు దేశములోని వీబోర్గ్ పట్టణమున ఒక ఉపాధ్యాయుడు, హన్స్ మార్టెన్‌సెన్. ఆయన మొదట తగరమువలె తెల్లగానుండు జింకు రేకుతో కడియములు చేసెను. బరువెక్కువయై పక్షికి బాధ కలిగెను. పిమ్మట అల్యూమినియము దొరకెను. 1899లో ఆయన 165 పక్షులకు, ప్రతి కడియముమీద వేరువేరు సంఖ్యను, తన చిరునామాను చెక్కి తొడిగెను. ఆ పక్షులును గోరువంకల కుటుంబములోనివే. ఐరోపాలో వాటిని స్టార్లింగులందురు.

కడియము కిటుకు చాల సులభము. బరువు గ్రాములో కొద్దిభాగము. పక్షి తనపని తాను చేసికొనును. ఎక్కడనో, ఎప్పుడో అది వేటగానికి చిక్కును, లేక చచ్చిపడియుండును, లేక మరియొక శాస్త్రజ్ఞుని వలలో పడును. కడియమును చూచినవాడు సంఖ్యను చిరునామాకు వ్రాసి పంపినయెడల రెండు బిందువులు లభించును: తొడిగిన చోటు, దొరకిన చోటు. ఈ పద్ధతి మొత్తము ఒక నమ్మకముమీద నిలిచియున్నది. పక్షి దొరకినవాడు ఏ దేశస్థుడైనను ఉత్తరము వ్రాయవలెను, ఉత్తరము చేరవలెను. చిన్నపక్షులలో నూరింటికి కడియములు తొడిగిన ఒక్కటియైనను తిరిగి దొరకుట కష్టము. అందుచేత వేలకొలదిగా తొడుగవలెను. జపానులో ఈ పని 1924లోను, మన దేశమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము ఆధ్వర్యమున 1927లోను ఆరంభమైనది. మన కడియములమీద బొంబాయి సంఘమునకు తెలుపుడని వ్రాసియుండును.

గోరువంకల కుటుంబము ఈ శాస్త్రమునకు చేసిన ఉపకారమును గురించి ఇక్కడ కొంత చెప్పక తప్పదు. జర్మనీలో గుస్టావ్ క్రామర్ 1950 ప్రాంతమున స్టార్లింగులను గుండ్రని పంజరములలో ఉంచి పరిశీలించెను. వలసకాలము వచ్చినప్పుడు పంజరములోని పక్షి తాను పోవలసిన దిక్కునకే తిరిగి రెక్కలు టపటపలాడించుచుండెను. అద్దములతో సూర్యకాంతి వచ్చు దిక్కును మార్చగా పక్షి దిక్కును మారెను. సూర్యుడు గంటగంటకు స్థానము మార్చును గదా. అయినను పక్షి దారితప్పలేదు. అనగా దాని శరీరములో గడియారమువంటి దొకటి కలదు. అది వేళనుబట్టి సూర్యుని చోటును సరిచూచుకొనును. తరువాత హాలెండులో పెర్డెక్ అను శాస్త్రజ్ఞుడు మరింత సాహసమైన పని చేసెను. వలసపోవుచున్న పదునొకండువేల స్టార్లింగులను హేగ్ నగరమువద్ద పట్టి, కడియములు తొడిగి, విమానములలో స్విట్జర్లండుకు తీసికొనిపోయి విడిచిరి. 1958లో ఆయన ఫలితములను ప్రకటించెను. ముందు ఒకసారియైన ప్రయాణము చేసిన పెద్దపక్షులు తప్పును గ్రహించి వాయవ్యముగా తిరిగి తమ మామూలు చలికాలపు నెలవులకు పోయినవి. తొలిసారి బయలుదేరిన పిల్లపక్షులు మాత్రము తమకు పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకొని నైరుతిగా పోయి, స్పెయినులోను దక్షిణ ఫ్రాన్సులోను తేలినవి. దిక్కు పుట్టుకతో వచ్చును; గమ్యస్థానము అనుభవముచే తెలియును. ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చెప్పినయెడల విద్యార్థులు మరువరు.

ఇప్పుడు సియోల్‌కు పోవుదము. 1963లో వన్ ప్యోంగ్ ఓ గోరువంకలకు కడియములు తొడుగ బూనుకొన్నప్పుడు దక్షిణ కొరియాకు స్వంత కడియములు లేవు. జపానునుండి తెప్పించుకొనెను. కొరియా కడియమే తొడిగియున్నయెడల ఏమగును? దానిమీద సియోల్ చిరునామా ఉండును. ప్యోంగ్యాంగ్ నుండి సియోల్‌కు ఉత్తరము వ్రాయుటకు వీలులేదు. అట్లు వ్రాసినవానికి అపాయము కూడ. జపాను పేరుండుటచేతనే వృద్ధుడు నిర్భయముగా విచారించగలిగెను. పేదరికముచేత అరువు తెచ్చుకొన్న కడియము పుణ్యమా అని వార్త గీతను దాటెను.

కుమారుడు బ్రతికియున్నాడని తండ్రికి తెలిసెను. అంతేకాదు, తాను నేర్పిన విద్యనే సాగించుచున్నాడని తెలిసెను. ఈ వార్త దేశదేశముల పత్రికలకెక్కెను. కాని తండ్రికి కుమారునితో నేరుగా ఉత్తరప్రత్యుత్తరములు జరుపు అవకాశము కలుగలేదు. విదేశములందలి పక్షిశాస్త్రజ్ఞుల ద్వారమున ఒకరి క్షేమము మరియొకరికి చేరుచుండెను. మూడవ దేశపు ఊరిలో కలిసికొనుటయు సాధ్యము కాలేదు. వన్ హాంగ్ గు 1970లో మరణించెను.

పక్షులకు సరిహద్దులు లేవని తరచుగా అందురు. ఇది సగము సత్యము. గోరువంకకు కంచె అడ్డు కాదు. కాని పక్షిని చూచువానికి సరిహద్దు అడ్డమే. చేతిలో దుర్భిణి, పుస్తకములో స్థలముల పేర్లు, తేదీలు, సంఖ్యలు. పక్షిని పరిశీలించువానికి కావలసినవి ఇవియే, గూఢచారికి కావలసినవియు ఇవియే. 1968 జనవరిలో ఉత్తరమునుండి 31 మంది సాయుధులు రహస్యముగా గీత దాటి సియోల్‌లోని అధ్యక్షభవనము సమీపమువరకు వచ్చిరి. అటుతరువాత కొండలలో దుర్భిణి పట్టుకొని తిరుగువానిని కావలివారు ఏ దృష్టితో చూచియుందురో చెప్పనక్కరలేదు.

అనుమానము సరిహద్దు రాజ్యములకే పరిమితము కాలేదు. 1963లో ఆసియా ఖండమంతట పక్షుల వలసను, వాటివలన వ్యాపింపగల రోగములను పరిశీలించుటకు ఇలియట్ మెక్‌క్లూర్ అను అమెరికను శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఒక పెద్ద సర్వే ఆరంభమయ్యెను. ఆరంభించుటకు కారణములు లేకపోలేదు. మెదడువాపు జ్వరము కొరియాలోను జపానులోను వేలమందిని బాధించుచుండెను. మన దేశమున 1957లో మైసూరు రాష్ట్రపు షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, మనుష్యులకు కొత్త జ్వరము వచ్చెను. దాని వైరసు సైబీరియాలోని ఒక వైరసుకు దగ్గరి చుట్టమని తేలినప్పుడు, వలసపక్షులమీది పిడుదులద్వారా అది ఉత్తరమునుండి వచ్చినదేమో యని ఊహించిరి. ఆ ఊహ తరువాత నిలువలేదు. కాని పక్షులకు కడియములు తొడుగు పనికి ఊపు వచ్చెను. సలీం అలీ నాయకత్వమున బొంబాయి సంఘము ఆ పనిలో దిగెను. కొరియాలో క్యూంగ్ హీ విశ్వవిద్యాలయపు బృందము దిగెను. 1971 నాటికి ఆసియాలో పది లక్షలకు పైగా పక్షులకు కడియములు తొడిగిరి. ఇంతటి సమాచారము అంతకుముందు ఆసియాలో ఎన్నడును పోగుకాలేదు.

చిక్కు ఒక్కటే. సర్వేకు డబ్బిచ్చినది అమెరికా సైన్యము. రోగమును పక్షి ఎంతదూరము మోయునో తెలిసినవాడు రోగమును పక్షిచే పంపగలడు గదా యని ప్రశ్నలు పుట్టినవి. మన పార్లమెంటు సంఘమొకటి 1975లో విదేశీ సహాయముతో జరుగు పరిశోధనలను పరిశీలించినప్పుడు ఈ పక్షుల పనిని గురించియు ప్రశ్నించెను. పని చేసిన శాస్త్రజ్ఞులు తమ లెక్కలన్నియు బహిరంగముగా ప్రకటించినవే యని సమాధానము చెప్పిరి. వారి మాట నిజమే. అయినను ప్రశ్న అన్యాయమైనదనుటకు వీలులేదు. ఎవరి డబ్బుతో పని జరుగుచున్నదో అడుగుట ప్రజల హక్కు; జవాబు ముందే చెప్పియున్న తగవు తక్కువగానుండెడిది.

సైనికరహిత మండలము ఈలోపల మరొక రూపము దాల్చుచుండెను. మనుష్యులు నాటిన మందుపాతరలు లక్షలకొలది నేలలో మిగిలినవి. ఊళ్లు పాడువడినవి. విడిచిన వరిమళ్లలో తుంగ మొలచెను. దక్షిణపువైపున మండలమునకు ఆనుకొని, పౌరులు సైనికుల అనుమతిలేక ప్రవేశింపరాని మరియొక పట్టె కలదు. అందు రైతులు పగటివేళ వచ్చి సేద్యము చేసి పోవుదురు. ఈ పట్టెనడుమ చోర్వన్ అను మైదానము కలదు. యుద్ధమునకు ముందు సియోల్ నుండి తూర్పుతీరమునకు పోవు రైలు దీనిమీదుగా నడచెడిది; యుద్ధములో ఇది ఘోరమైన పోరాటములకు రంగమయ్యెను. ఇప్పుడది సారసపక్షులకు చలికాలపు నెలవు.

ఎర్రతల సారసము, తెల్లమెడ సారసము అను రెండు జాతులు అముర్ నదీప్రాంతమునుండి ఇచ్చటికి వచ్చును. ఎర్రతల సారసము మనిషి భుజమెత్తు ఉండును. తూకము ఏడునుండి పది కిలోగ్రాములు. ప్రపంచములో మిక్కిలి అరుదైన సారసములలో అది యొకటి. వాటికి కావలసినవి మూడు: కోత అయిన పొలములో రాలిన వడ్లు, రాత్రి నిలుచుటకు గడ్డకట్టని లోతులేని నీరు, మనుష్యుల అలికిడి లేకుండుట. చోర్వన్‌లో వడ్లు రైతులిత్తురు. వెచ్చని ఊటలవలన కొన్ని చోట్ల నీరు గడ్డకట్టదు. మూడవది సైన్యములు సమకూర్చినవి. 1974లో జార్జి ఆర్చిబాల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతమునకు వచ్చి తెల్లమెడ సారసములను పరిశీలించి, వాటి ప్రాముఖ్యమును ప్రపంచమునకు తెలిపెను. అటుతరువాత రెండేండ్లకు, 1976 ఆగస్టు 18న, పాన్‌మున్‌జోమ్‌లో కావలివారి చూపునకు అడ్డముగానున్న ఒక పాప్లర్ చెట్టు కొమ్మలు నరుకబోయిన సందర్భమున తగవు పెరిగి ఇద్దరు అమెరికను అధికారులు చంపబడిరి. ఒక చెట్టు కొమ్మలకై మరల యుద్ధము వచ్చునేమోయని ప్రపంచము భయపడెను. పక్షులను చూచుటకు పోవువారు పనిచేయవలసిన పరిసరములు అట్టివి.

సైనికరహిత మండలమును భూలోకస్వర్గమని వర్ణించుట ఇటీవల అలవాటయ్యెను. అది సరికాదు. చూపునకు అడ్డు లేకుండుటకై ఇరువైపుల సైనికులును గడ్డిని, పొదలను తగులబెట్టుచుందురు. మందుపాతరలు జింకలను, మనుష్యులను సమానముగానే చంపును. సారసము ఆ చోటును ప్రేమించి రాలేదు. తక్కిన చోట్లు పోయినవి కాబట్టి వచ్చెను. దీనికి నిదర్శనము ఉత్తరమునగల అన్‌బ్యోన్ మైదానము. అచ్చట పూర్వము సారసములు చలికాలము గడిపెడివి. 1990 తరువాత ఉత్తర కొరియాలో కరవు వచ్చెను. పొలములో రాలిన గింజలను ఆకలిగొన్న ప్రజలే ఏరుకొనిరి. సారసములకు ఏమియు మిగులలేదు. అవి గీత దాటి దక్షిణమున చోర్వన్‌కు పోయినవి. అదే కాలమున అదే ఆకలిచే ప్రజలును సరిహద్దు దాటిరి. వారు మాత్రము దక్షిణపు గీతను దాటలేక, ఉత్తరమున నదిని దాటి చైనాలోనికి పోయిరి. 2008 నుండి అన్‌బ్యోన్‌లో రైతుల పంటను పెంచి, తద్వారా సారసములను మరల రప్పించు ప్రయత్నము అంతర్జాతీయ సారస సంఘము సహాయముతో ఆరంభమయ్యెను. మొదట రైతు కడుపు నిండిననే గాని పక్షికి గింజ మిగులదని ఆ ప్రయత్నము చేయువారు గ్రహించిరి. కొన్ని సారసములు తిరిగి దిగినవి.

అల్యూమినియము కడియము స్థానమున రేడియో యంత్రము వచ్చిన తరువాత పటము మరింత స్పష్టమయ్యెను. 1990 తరువాతి సంవత్సరములలో హిరోయోషి హిగుచి మొదలగు జపాను శాస్త్రజ్ఞులు దక్షిణ జపానులోని ఇజుమివద్ద తెల్లమెడ సారసములకు చిన్న ప్రసారిణులను కట్టి కృత్రిమోపగ్రహములద్వారా వాటి జాడను కనుగొనిరి. ఆ పక్షులు సముద్రము దాటి కొరియాకు వచ్చి, సైనికరహిత మండలములో ఆగి విశ్రమించి, పిమ్మట ఉత్తర కొరియా తీరముమీదుగా చైనా, రష్యా చిత్తడినేలలకు పోయినవి. ఉత్తరప్రత్యుత్తరములులేని రెండు రాజ్యములమీది దారిని ఒకే పటములో గీయుట ఈ విధముగా సాధ్యమయ్యెను. పడమటి సముద్రములో రెండు కొరియాల హద్దులోగల జనములేని దీవులలో నల్లమోము తెడ్డుమూతి కొంగలు గూడుకట్టును. 1989 ప్రాంతమున లెక్కింపగా ప్రపంచములో 300కు లోపుగా కనబడిన ఆ కొంగలు, అవి చలికాలము గడపు దేశములలో కూడ రక్షణ కలిగినందున, 2022 నాటి లెక్కలో ఆరువేలు దాటినవి. ఉత్తర కొరియాలోను దాని పరిసరములలోను పుట్టు అముర్ డేగ శరత్కాలమున నాగాలాండులో గుంపులుగా దిగి, మన ద్వీపకల్పముమీదుగా అరేబియా సముద్రము దాటి దక్షిణాఫ్రికాకు పోవును. మన ఆకాశమున పోవు ఆ చిన్న డేగలలో ఆ గీతకు ఆవల పుట్టినవియు ఉండవచ్చును.

గోరువంక కథకు వత్తము. ఉత్తర కొరియాలో 1992లో దీని ఆధారముగా ఒక చలనచిత్రము తీసిరి. అందు జపానువారును పాలుపంచుకొనిరి. అదే సంవత్సరమున వన్ హాంగ్ గు పేర ఆ ప్రభుత్వము తపాలాబిళ్ల వేసెను. ఉత్తరము పోవుటకు వీలులేని చోట తపాలాబిళ్ల వేయుట విచిత్రముగానే ఉన్నది. కుమారుడు దక్షిణమున దశాబ్దులపాటు విద్యార్థులను తయారుచేసి, కొరియా పక్షులను గురించి గ్రంథములు వ్రాసి, సారసముల రక్షణకు పాటుపడెను. 2002లో ఆయనకు ఉత్తరమునకు పోవుటకు అనుమతి దొరకెను. అప్పటికి ఆయన వయస్సు 73. తండ్రి పోయి ముప్పదిరెండు సంవత్సరములయ్యెను. ఆయన ప్యోంగ్యాంగ్‌లో తలిదండ్రుల సమాధిని దర్శించి తిరిగివచ్చెను. 2020లో సియోల్‌లో మరణించెను. రెండు కొరియాల నడుమ సామాన్యులు ఉత్తరములు వ్రాసికొనుటకు తపాలా నేటికిని లేదు.